నాలుగో గేరు

బాలస్వామి స్టీరింగు ముందు కూర్చుని, తాళం తిప్పకుండా, గోడ అవతల ఉలి చప్పుడు మొదలవడానికి ఎదురుచూస్తున్నాడు.

ఆళ్లగడ్డలో అతని యజమాని శేషయ్య ఇల్లున్న వీధిలో సగం శిల్పుల కొట్టాలే. తెల్లవారి టీ గ్లాసులు కింద పెట్టగానే ఎవరో ఒకరు ఉలి అందుకుంటారు. ఆ వెంటనే మరో నాలుగు ఉలులు మోగుతాయి. ఇక వీధిలో పక్కన నిలబడి మాట్లాడినా వినపడదు. రాతి పొడి లేచి మందారాకుల మీద, కారు అద్దాల మీద పలచగా పడుతుంది. ఆ పొడిని తుడవడం అతని రోజులో మొదటి పని. మూడు నెలలుగా మాత్రం తుడవడం అయిపోయాక కూడా అతను ఆ చప్పుడు కోసమే ఆగుతున్నాడు. ఉలులు జోరందుకున్నాక తాళం తిప్పితే గేరు బాక్సులోంచి వచ్చే కూత ఎవరి చెవినా పడదు.

ఖాళీ తిరగలి తిప్పినట్టు గరగరమని మొదలై, సన్నబడి, సాగి, చివరకు ఏడుపులా మారుతుంది ఆ కూత. క్లచ్ తొక్కితే టక్కున ఆగిపోతుంది. వదిలితే మళ్లీ మొదలు. అందుకే ఇంటి ముందు ఎంతసేపు నిలబడాల్సి వచ్చినా బాలస్వామి ఎడమ కాలు క్లచ్ మీద నుంచి తీయడు. మోకాలి చిప్ప లాగేస్తున్నా తీయడు.

ఈ రోజు ఎంతసేపు చూసినా ఉలి మోగలేదు. కొట్టం తలుపు వేసి ఉంది. సగం చెక్కిన నంది మీద గోనెపట్టా కప్పి ఉంది.

శేషయ్య భార్య కొండమ్మ వసారాలోకి వచ్చింది. “ఏందయ్యా బాలసామీ, బండి కదిలిచ్చకుండా ఆ గోడ దిక్కు చూస్తాండావ్? ఈ పొద్దు అమావాస్య. వాళ్లు ఉలి పట్టరు.”

బాలస్వామికి అప్పుడు గుర్తొచ్చింది. అతని లెక్కంతా చర్చికి పోయే ఆదివారం నుంచి మళ్లీ ఆదివారానికి. పున్నమి, అమావాస్య అతని ఇంటి క్యాలెండర్లో ఉన్నా కంటికి ఆనవు. ఉలి పట్టేవాళ్లు అమావాస్య నాడు పనిముట్లు ముట్టరని తెలుసు. తెలిసీ, ఆ రోజు ఈ రోజేనని తెలియలేదు.

“నువ్వు రావామ్మా?” అన్నాడు.

“నా మోకాళ్లు లేస్తల్లేవు. అమావాస్య పూట ఆసుపత్రి ఏందీ అంటే, ఆ రక్తం కడిగే మిషనుకు అమావాస్య తెలుస్తాదా అంటాడు మా కొడుకు. పోయి రాండి, ఆయనా నువ్వూ ఇద్దరే.”

అతను క్లచ్ నిండా తొక్కి తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. కూత రాలేదు. ఎడమ కాలు అదిరిపోతున్నా అలాగే ఉంచాడు. అంతలో శేషయ్య కొడుకు హరీష్ పళ్లు తోముకుంటూ బయటికొచ్చాడు. ముప్పై ఐదేళ్లవాడు, బజారులో విత్తనాల అంగడి నడుపుతాడు. అతను బడికి పోయే రోజుల్లో ఇదే గేటు ముందు నుంచి పుస్తకాల సంచి మోసుకుని కారెక్కించింది బాలస్వామే.

“అన్నా, మందుల సంచి అమ్మ దగ్గరుండాది. దిగి తీసుకో.”

ఇంజను ఆపి దిగొచ్చు. ఆ తెలివి ఆ క్షణంలో రాలేదు. పిలిస్తే వెంటనే దిగడం పాతికేళ్లు దాటిన అలవాటు. బాలస్వామి గేరు తీసి, చేతి బ్రేకు లాగి, కాలెత్తి దిగేశాడు. అతని చెప్పులు నేలను తాకేసరికి కూత మొదలైంది. చప్పుడు లేని ఆ వీధిలో అది ఈ చివర నుంచి ఆ చివరి దాకా పోయింది.

హరీష్ నోట్లో బ్రష్షు ఆగింది. “ఏందన్నా అది?”

“ఏది అప్పా?”

“అదే. ఆ సప్పుడు.”

“చలికి అప్పా. ఏడెక్కితే పోతాది.”

“చలా? రాత్రంతా ఫ్యాను కింద చెమట్లు పట్టి సస్తాంటిమి, నీకు యాడ పడ్తాంది చలి?” హరీష్ బానెట్ దగ్గరికి వచ్చి చెవి వంచి విన్నాడు. అతని ముఖంలో కోపం లేదు. అది చూసే బాలస్వామికి భయమేసింది. “గేరు బాక్సు గదా ఇది. నాయనకు ఆ మిషను మీద నుంచి లేచినాక నిలబడే శక్తి ఉండదు. రోడ్డు మీద నిలిచిపోతే ఏం చేస్తావ్? భుజానేసుకోని వస్తావా?”

వేసుకుని వస్తాను అని బాలస్వామి నోటి దాకా వచ్చింది. అనలేదు.

“సాయంత్రం మీరొచ్చినాక నేనే తిప్పి చూస్తా. సప్పుడుంటే రేపు పొద్దున్నే ఇచ్చేసి వస్తా, ఎక్స్చేంజికి అడుగుతానే ఉండారు షోరూమోళ్లు. నాయన్ని నా కార్లో నేనే తీసకపోతా ఇంగ. గేర్లు లేవు, గోల లేదు. నువ్వూ ఎన్నేండ్లని తిప్పుతావన్నా? ఇంటి కాడ నిమ్మళంగా కూచ్చో.”

ఆ చివరి మాట ప్రేమగానే అన్నాడు. బాలస్వామి తల ఊపి, సంచి అందుకోవడానికి వెళ్లాడు.

శేషయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు తలుపు నిండా కనిపించే మనిషి. ఇప్పుడు చొక్కా లోపల మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. కాళ్లు మాత్రం నీరు పట్టి లావుగా, నున్నగా ఉన్నాయి. ఎడమ చేతి మీద సూదులు గుచ్చీ గుచ్చీ నరం తాడులా పైకి లేచింది. అతను కొడుకు వంక గానీ కారు వంక గానీ చూడలేదు. బాలస్వామి మోచేయి పట్టుకుని మెల్లగా మెట్లు దిగి, ఎప్పటిలాగే వెనక సీట్లో ఎడమవైపు కూర్చున్నాడు.

కారు వీధి దాటింది.

నంద్యాల రోడ్డు ఎక్కాక బాలస్వామి ఊపిరి కుదుటపడింది. పరుగులో ఉంటే కూత టైర్ల చప్పుడులో కలిసిపోతుంది. అయితే రోడ్డు మీద ఇంకో బాధ ఉంది. యాక్సిలేటర్ మీద కాలు తేలిక చేస్తే నాలుగో గేరు ఎగిరి బయటపడిపోతోంది. అందుకని ఎడమ చేత్తో రాడ్డును అదిమి పట్టుకుని, కుడి చేత్తో స్టీరింగు తిప్పుతున్నాడు. పెద్దాయన ఉన్నప్పుడు ఐదో గేరుకు పోయే అలవాటు అతనికి లేదు.

అద్దంలో శేషయ్య కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇన్నేళ్లలో బాలస్వామి ఆయన ముఖాన్ని ఎదురుగా చూసింది తక్కువ. అద్దంలో చూసిందే ఎక్కువ. నుదురు, కనుబొమలు, ముక్కు సగం దాకా. ఆ ముక్కలోనే ఆయన కోపం, నిద్ర, ఆకలి అన్నీ చదవగలడు. పక్క నుంచి ఆయన ఎలా ఉంటాడో అడిగితే చెప్పలేడు.

రోడ్డుకు అటూ ఇటూ జొన్న కంకులు వేసింది. దూరంగా నల్లమల కొండలు మబ్బు రంగులో పడుకుని ఉన్నాయి.

బాలస్వామిది డోన్ దగ్గరి పల్లె. మీసాలు రాకముందే లారీ క్లీనరయ్యాడు. తరువాత జీపులో భక్తుల్ని తిప్పాడు. యాగంటికి, మహానందికి ఎన్నిసార్లు పోయాడో. ఏ గుడి తలుపులు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో అతనికి నోటికి వచ్చు. బండ్లు నిలిపే చోటు దాటి లోపలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. ఎవరూ పొమ్మనలేదు, తనకూ పోవాలనిపించలేదు. భక్తులు తిరిగొచ్చేదాకా స్టీరింగు మీద తల వాల్చి కునుకు తీసేవాడు.

శేషయ్య దగ్గర చేరాక ఇంకెక్కడికీ పోలేదు. ఆయన కూతురు భానుప్రియ పెళ్లిలో పెళ్లికూతుర్ని తెచ్చింది ఇతనే. కాన్పుకు నంద్యాల తీసుకుపోయిందీ ఇతనే, బిడ్డతో వెనక్కి తెచ్చిందీ ఇతనే. ఆ ఇంటి ఫోటోల పుస్తకంలో అతను ఎక్కడా లేడు. ఒక్క ఫోటోలో మాత్రం పూలు కట్టిన కారు కిటికీలోంచి అతని మోచేయి కనిపిస్తుంది. ఆ ఫోటో చూసిన రోజు ఇంటికి పోయి భార్య జీవమ్మకు చెబితే, “మోచేయన్నా పడింది, సంతోషం,” అని నవ్వింది.

కారు పోతే ఆకలితో పడుకునేది ఏమీ లేదు. జీవమ్మ బడిలో పిల్లలకు వండుతుంది. కూతురు కరుణ కర్నూలులో నర్సు. భయం అన్నం గురించి కాదు. పొద్దున లేచి ఎక్కడికి పోవాలి? చేతులు ఎక్కడ పెట్టుకోవాలి? జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్న రోజు కూడా అతని ఎడమ చేయి మంచం పట్టెను గేరు రాడ్డులా పట్టుకుని ఉండేదని జీవమ్మ చెబుతుంది. ఈ వయసులో కొత్తగా ఎవరు పిలిచి బండి ఇస్తారు?

టోల్‌గేటు దగ్గర ముందున్న లారీ ఆగింది. బాలస్వామి క్లచ్ తొక్కే ఉంచాడు. తొడ వణికింది. అద్దంలో శేషయ్య కళ్లు ఒకసారి తెరుచుకుని మళ్లీ మూసుకున్నాయి.

*

ఆసుపత్రిలో శేషయ్యను మంచం మీద పడుకోబెట్టి, మిషను తిరగడం మొదలయ్యాక, బాలస్వామి కారు తీసుకుని నూనెపల్లె వైపు పోయాడు. అక్కడ యేసురత్నం షెడ్డు ఉంది. రేకుల కింద గేరు బాక్సులు కడుపులు చీల్చి వరుసగా పెట్టి ఉంటాయి. యేసురత్నం లావుపాటి మనిషి. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే లారీ మీద క్లీనర్లు.

“రాప్పా దొరా! ఏంది, దోవ తప్పినావా?”

“నువ్వు ముందు దీన్ని ఇను.”

“నీ ముఖం చూస్తేనే సాలు. మీ ఆవిడ తరిమినట్టుండాది.”

అంటూనే అతను పొడుగాటి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. కారు కిందికి దూరి, దాని మొన గేరు బాక్సుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. “క్లచ్ తొక్కు... వదులు... తొక్కు.” కాసేపటికి బయటికొచ్చి, కార్లో ఎక్కి షెడ్డు చుట్టూ ఒక తిప్పు తిప్పాడు. దిగినప్పుడు నవ్వు లేదు.

“కూసేది ముందర బేరింగు. అది మార్చొచ్చు. నాలుగో గేరు నిలబడంది వేరే కత. లోపల గేరును పట్టుకునే ఫోర్కు అరిగిపోయింది. నువ్వు చేయి ఎప్పుడూ రాడ్డు మీదనే పెట్టుకోని నడుపుతావ్ గదా?”

“ఇంగ యాడ పెట్టల్ల?”

“స్టీరింగు మీద పెట్టల్ల. గేరు మార్చినాక తీసెయ్యల్ల. నీ చేతి బరువంతా ఆ ఫోర్కు మీద పడ్తాది, దినమ్మూ. దీన్ని అరగదీసింది ఎవురో కాదు, నీ చెయ్యే.”

బాలస్వామి తన ఎడమ అరచేతిని చూసుకున్నాడు. మధ్యలో గేరు గుండు మేరకు చర్మం కాయ కాచి గుండ్రంగా మెరుస్తోంది.

“సాయంత్రానికి కాదా?”

“బాక్సు దించల్ల. సామాను కర్నూలు నుంచి రావల్ల. రేపు, ఎల్లుండి. బండి పెట్టిపో.”

“పెట్టిపోతే పెద్దయ్య యాట్ల పోతాడు? అదీగాక...” బాలస్వామి పొద్దుటి సంగతి చెప్పాడు. చెప్పి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. “రత్నం, అరటిపండు ఏస్తే సప్పుడు రాదంట గదా. మహానంది పండ్లు మాగినవి నాలుగు ఎయ్యి. ఈ ఒక్క సాయంత్రం గడిస్తే సాలు.”

యేసురత్నం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అతన్ని చాలాసేపు చూశాడు.

“అది అమ్మేటోడు సేసే పని. కొనేటోనికి సప్పుడు ఇనపడకుండా పండు గుజ్జు లోపలికి నూకుతాడు. బండి తీస్కోని పోయి వారం తిరక్కుండానే లోపలంతా గబ్బు పట్టి బిగుసుకపోతాది. నువ్వు ఎవురికి అమ్ముతాండావ్?”

“ఎవురికీ లేదు.”

“మడి? ఎనక సీట్లో మనిషిని పెట్టుకోని నడిపేటోడివి. ఆయప్పను నడిదోవలో దించుతావా?”

బాలస్వామికి అడిగినందుకు సిగ్గేసింది. షెడ్డు మూల టైరు మీద కూర్చుని, క్యారియరు తెరిచి రెండు ముద్దలు తిన్నాడు. మూత పెట్టేశాడు. యేసురత్నం తానే పాత ఆయిలు దించేసి చిక్కటిది పోశాడు.

“సల్లగ ఉన్నంతసేపు నోరు మూసుకోనుంటాది. ఏడెక్కి పలచబడితే మళ్లా కూస్తాది. నేను చేసేది ఇంతే. మీ పెద్దయ్య కొడుక్కు నిజం చెప్పి, రెండు దినాలు నాకియ్యమని అడుగు. నోరుండాది గదా?”

“నాతో కాదు రత్నం.”

“నీతో కాదు. లారీ మీద గూడా ఆకలైతాందని చెప్పనోడివి నువ్వు.”

*

పొద్దు వాలాక ఆయా చక్రాల కుర్చీలో శేషయ్యను బయటికి తెచ్చింది. ముఖం సున్నం వేసినట్టుంది. ఎడమ చేతికి కట్టు. బాలస్వామి వెనక తలుపు తెరిచాడు.

“ముందర కూచ్చుంటా,” అన్నాడు శేషయ్య.

“ముందరనా పెద్దయ్యా?”

“ఎనక ఒక్కన్నే ఏం కూచ్చునేది? ఆమె గూడా లేదు.”

బాలస్వామి ముందు సీటు వెనక్కి జరిపి ఆయన్ని కూర్చోబెట్టాడు. కారు కదిలాక అలవాటుగా అద్దంలోకి చూశాడు. ఖాళీ సీటు కనిపించింది. తల తిప్పి చూడాల్సి వచ్చింది. శేషయ్య కుడి చెవి తమ్మె మీద మినపగింజంత పుట్టుమచ్చ ఉంది. ఇన్నేళ్లలో అతను దాన్ని చూడలేదు.

కొత్త ఆయిలు పని చేసింది. ఊరు దాటేదాకా కూత లేదు. ప్రతి కూడలిలో బాలస్వామి భయపడుతూ క్లచ్ వదిలాడు, ప్రతిసారీ నిశ్శబ్దమే. లోపల ఎక్కడో చిన్న ఆశ లేచింది. ఇట్లాగే ఇంటి దాకా పోతే, హరీష్ ఒక తిప్పు తిప్పి దిగిపోతే, రేపటి సంగతి రేపు.

టోల్‌గేటు దగ్గర మళ్లీ కూత వచ్చింది. మొదట సన్నగా. తరువాత పొద్దుటిలాగే. బాలస్వామి గబుక్కున క్లచ్ తొక్కాడు.

“కాలు తీయ్ రా. ఇరిగిపోతాది,” అన్నాడు శేషయ్య కళ్లు తెరవకుండానే.

బాలస్వామి తల తిప్పి ఆయన వంక చూశాడు.

“నాకు పోయింది కిడ్నీలు. చెవులు కాదు. మూడు నెల్ల నుంచి ఇంటాండా దాన్ని.”

“మడి చెప్పలేదే పెద్దయ్యా?”

“చెప్తే కారు పోతాది గదా.”

ముందు లారీ కదిలింది. బాలస్వామి గేర్లు మారుస్తూ నాలుగోది వేసి, రాడ్డును అదిమి పట్టుకున్నాడు. శేషయ్య ఆ చేతినే చూస్తున్నాడు.

“కారు పోతే నువ్వు గూడా రావు,” అన్నాడు కాసేపటికి. మళ్లీ తనే, “వాని కార్లో నాకు కడుపులో తిప్పుతాది. ముందుకు పోతాందో ఎనక్కి పోతాందో తెలీదు,” అన్నాడు విసుగ్గా.

బాలస్వామికి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. “తప్పు నాదే పెద్దయ్యా. చేయి రాడ్డు మీద పెట్టి పెట్టి అరిగిందంట,” అన్నాడు.

“ఉంటాదిలే. రాత్రి హరీష్ గానికి నేను చెప్తా. బాగు చేయించు, కారు ఈడనే ఉంటాదని చెప్తా. నేనుండగా వాడు నా మాట కాదనడు.”

రోడ్డు వంపు తిరిగింది. బాలస్వామి ఒక చేత్తో స్టీరింగు తిప్పలేక భుజం బిగబట్టి పైకెత్తాడు. ఆ భుజం పొద్దుటి నుంచీ పీకుతోంది.

“చేయి తీయ్. నేను పట్టుకుంటా,” అన్నాడు శేషయ్య.

“వద్దు పెద్దయ్యా. నీకెందుకు?”

“తీయ్ రా! కూర్చోని తినేదే గదా నా పని. ఇదన్నా చేస్తా.”

ఆయన కుడి అరచేయి గేరు గుండు మీద పెట్టి, వెంటనే తీశాడు. “ఏందీ, ఎముకలు గూడా వణుకుతాండాయే!” భుజం మీది తువ్వాలు లాగి, మడిచి, గుండు మీద వేసి, దాని పైన చేయి ఆనించాడు. ఒళ్లు కాస్త ముందుకు వాల్చాడు. గేరు నిలిచింది.

బాలస్వామి రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టాడు. ఎన్నాళ్లయిందో అట్లా పెట్టి. ఎడమ చేయి అక్కడ ఏం చేయాలో తెలియక కాసేపు తడుముకుంది. భుజం మెల్లగా దిగింది.

“ఇట్ల నడపల్ల బండి,” అన్నాడు శేషయ్య. గొంతులో నవ్వు ఉంది.

ఎండ పచ్చబడింది. దారి పక్కన మిరపనారు మోసుకుపోతున్న ఆడవాళ్లు కనిపించారు. ఒక పొలంలో కొంగలు ట్రాక్టరు వెనక దిగుతున్నాయి. శేషయ్య అటు చూసి, “తేమ బాగుండాది,” అన్నాడు. చాలాసేపటికి, “బాలసామీ, నీళ్లు ఉండాయా?” అన్నాడు. బాలస్వామి కారు నెమ్మది చేసి సీసా ఇచ్చాడు. ఆయన ఎడమ చేత్తోనే అందుకుని ఒక గుక్క తాగాడు. కుడి చేయి తీయలేదు.

శిరివెళ్ల దాటాక రోడ్డు కొద్దిగా పల్లానికి దిగుతుంది. బాలస్వామి యాక్సిలేటర్ మీద కాలు తేలిక చేశాడు.

గేరు ఎగిరి బయటపడింది. ఇంజను ఒక్కసారి తేలిపోయి, కూత మొదలైంది.

“పెద్దయ్యా, జారింది. అదిమి పట్టు,” అన్నాడు రోడ్డు మీది నుంచి చూపు తీయకుండా.

రాడ్డు కదల్లేదు. కారు పల్లంలో తనంతట తానే దొర్లుతోంది. బాలస్వామి తల తిప్పాడు. శేషయ్య తల కిటికీ వైపు ఒరిగి ఉంది. చేయి తువ్వాలు మీదే ఉంది. అందులో బరువు లేదు.

అతను కారును వేపచెట్ల పక్కకు తీసి ఆపాడు. దిగి, అటువైపు పోయి, తలుపు తెరిచాడు. పిలిచాడు. భుజం పట్టి కదిపాడు. సీసాలోని నీళ్లు అరచేతిలో పోసుకుని ముఖం తుడిచాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. లారీలు పోతూ ఉంటే వాటి గాలి వేలికి తగిలి, ప్రతిసారీ ఊపిరేమో అనిపించింది. లారీలు లేనప్పుడు ఏమీ లేదు.

ఫోను తీశాడు.

“అప్పా, పెద్దయ్య...”

అవతల నుంచి హరీష్ అడిగాడు. “ఊపిరుందా?”

“లేదప్పా.”

“యాడుండారు?”

“శిరివెళ్ల దాటినాం.”

“ఇంటికి తీసకరా అన్నా. నేను డాక్టర్ను పిలిపిస్తా. నిదానంగా రా.”

బాలస్వామి వచ్చి తన సీట్లో కూర్చున్నాడు. గేరు వేయాలంటే రాడ్డు పట్టుకోవాలి. ఆ చేతిని తీసి ఒళ్లో పెట్టొచ్చు. అతనికి మనసు రాలేదు. తన చేతిని ఆ చేతి మీద పెట్టి, రెండు చేతులతో కలిపి గేరు వేశాడు. ఇన్నేళ్లలో ఆయన మోచేయి పట్టుకున్నాడు, భుజం పట్టుకున్నాడు. చేతిని ఎప్పుడూ పట్టుకోలేదు. అది ఇంకా వెచ్చగానే ఉంది. వేళ్ల కణుపుల దగ్గర చర్మం పలచగా, గుడ్డలా ఉంది.

మొదటి గేరు, రెండు, మూడు, నాలుగు. నాలుగులో అదిమి పట్టుకున్నాడు. ఆళ్లగడ్డ దాకా ఇక చేయి తీయలేదు.

*

వీధిలోకి తిరిగేసరికి దీపాలు పెడుతున్నారు. గేటు ముందు జనం ఉన్నారు. బాలస్వామి కారు ఆపి, గేరు తీశాడు. కూత వచ్చింది. ఈసారి అతని కాలు క్లచ్ మీదికి పోలేదు. ఉలి చప్పుడు లేని ఆ వీధిలో అది ఏడుస్తూనే ఉంది. ఎవరూ దాని వంక చూడలేదు. హరీష్ కారు పక్కనే నిలబడి, తలుపు తెరిచి, తండ్రి చంకల కింద చేతులు వేశాడు. ఆ కూత అతని చెవికి అడుగు దూరంలో ఉంది. అతను వినలేదు.

నలుగురు కలిసి శేషయ్యను లోపలికి మోసుకుపోయారు. డాక్టరు వెనకే పోయాడు. ఆ తరువాత కొండమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది.

బాలస్వామి ఇంజను ఆపాడు.

చాలాసేపటి తరువాత హరీష్ వసారాలోకి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. బాలస్వామి మెట్ల కింద నుంచి తాళాలు చాచాడు. హరీష్ అవి ఏమిటో చూడకుండానే తీసుకుని పిడికిలి మూసుకున్నాడు.

“ఏమన్నా అన్యాడా అన్నా? చివర్లో?”

రాత్రి నీకు చెప్తానన్నాడు, కారు ఉంచమని. ఆ మాట బాలస్వామి నాలుక మీదకు వచ్చింది. ఒక్క మాట చెబితే చాలు. హరీష్ ఇప్పుడు కాదనడు. బాలస్వామి అతని ఎర్రబడిన కళ్లను చూశాడు. చిన్నప్పుడు బడి దగ్గర దించితే, గేటు దాటేదాకా వెనక్కి తిరిగి తిరిగి చూసిన కళ్లు అవి.

“చేన్లో తేమ బాగుండాదన్యాడప్పా,” అన్నాడు. “నీళ్లు తాగినాడు. అంతే.”

హరీష్ తల ఊపి, తలుపు వైపు తిరిగి లోపలికి పోయాడు.

బాలస్వామి కారు దగ్గరికి వచ్చి తన వస్తువులు తీసుకున్నాడు. క్యారియరు, అద్దాలు తుడిచే గుడ్డ, ఎండకు పెట్టుకునే టోపీ. ఎడమ వైపు తలుపు ఇంకా తెరిచే ఉంది. అది మూయడానికి వంగి, ఒక క్షణం అలాగే ఆగాడు. తరువాత చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, వీధి వెంట నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

లోపల గేరు రాడ్డు మీద మడిచిన తువ్వాలు అట్లాగే ఉంది. నాలుగు వేళ్లు అదిమిన చోట నాలుగు గుంటలు, బొటనవేలు ఆనిన చోట ఒక మడత.